ఐపీ అడ్రస్‌లతో లెక్కలు: పైథాన్‌లో ఎలా చేయాలి

బెంగళూరులో నెట్‌వర్క్, క్లౌడ్, డెవాప్స్ ఉద్యోగాలకి ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ళలో "స్లాష్ 27లో ఎన్ని హోస్టులు పడతాయి?" అన్న ప్రశ్న తగలనివాళ్ళు తక్కువ. (స్లాష్ 27 అంటే నెట్‌వర్క్ సైజు చెప్పే గుర్తు, హోస్టులంటే అందులో అడ్రస్ ఇవ్వగలిగే పరికరాలు.) 30 అని టకీమని చెప్పేస్తారు, పట్టిక బట్టీ పట్టి ఉంటారు కాబట్టి. ఉద్యోగంలో చేరాక అదే మనిషికి వందల ఐపీ అడ్రస్ రేంజులున్న ఎక్సెల్ షీటు పంపి, "వీటిలో ఏవి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో సాయంత్రంలోగా చెప్పు" అంటే బట్టీ పట్టింది ఎందుకూ పనికిరాదు. స్క్రిప్టు రాయాల్సిందే.

రాసేటప్పుడు చాలామంది అడ్రస్‌ని చుక్కల దగ్గర ముక్కలు చేసి, చివరి ముక్కకి కలపాల్సింది కలిపి, మళ్ళీ అతికిస్తారు. 10.0.0.250కి పది కలపమంటే 10.0.0.260 వస్తుంది. అలాంటి అడ్రసే లేదు. రావాల్సింది 10.0.1.4.

ఐపీ అడ్రస్ (ఇక్కడ మామూలుగా వాడే ఐపీవీ4 రకం) అంటే 32 బిట్‌ల ఒకే ఒక్క సంఖ్య. చుక్కలు మన కళ్ళ కోసం పెట్టినవి. స్క్రిప్టులోకి రాగానే దాన్ని సంఖ్యగా మార్చండి, కూడికైనా పోలికైనా సంఖ్య మీదే చేయండి, బయటికి చూపించే ముందు మాత్రమే చుక్కలు పెట్టండి. కింద చెప్పేవన్నీ ఈ పద్ధతి మీదే నడుస్తాయి. నమ్మకం కుదరకపోతే లినక్స్ టెర్మినల్‌లో పింగ్ కమాండ్‌కి 2130706433 ఇచ్చి చూడండి. 127.0.0.1 జవాబు ఇస్తుంది.

ల్యాప్‌టాప్‌లో పైథాన్ 3 ఉంటే చాలు, ప్రాంప్ట్ తెరిచి కూర్చోండి. ఇక్కడ వేరియబుల్స్‌కి తెలుగు పేర్లే పెట్టాను, పైథాన్ 3 వాటిని ఒప్పుకుంటుంది. ఆఫీసు కోడ్‌లో మాత్రం మీ టీమ్ అలవాటు ప్రకారమే పెట్టుకోండి. మాడ్యూళ్ళ, ఫంక్షన్ల పేర్లు నోటితో పలికినట్టు రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి.

1. అడ్రస్‌ని సంఖ్యగా మార్చడం

192.168.10.77 తీసుకుందాం. నాలుగు ముక్కలూ ఒక్కోటి 8 బిట్‌లు. మొదటి ముక్కని 24 బిట్‌లు ఎడమకి జరపాలి, రెండోదాన్ని 16, మూడోదాన్ని 8, చివరిది ఉన్నచోటే ఉంటుంది.

ఐపీ = (192 << 24) | (168 << 16) | (10 << 8) | 77

ఐపీ అని కొట్టి ఎంటర్ నొక్కితే 3232238157 వస్తుంది. ఇక్కడ నిలువు గీతల బదులు ప్లస్ పెట్టినా ఫలితం అదే, కానీ బ్రాకెట్లు తీసేయకండి. పైథాన్‌లో కూడిక, జరపడం కన్నా ముందు జరిగిపోతుంది. బ్రాకెట్లు లేకుండా ప్లస్ పెడితే ఎర్రర్ రాదు, తప్పు సంఖ్య వస్తుంది. అది ఇంకా ప్రమాదం.

వెనక్కి రావడానికి కుడికి జరిపి, 255తో ఆండ్ చేస్తే (రెండిటిలోనూ 1 ఉన్న బిట్‌లని మాత్రమే ఉంచే లెక్క) ఒక్కో ముక్కా విడిగా వస్తుంది.

ఐపీ >> 24 & 255
ఐపీ >> 16 & 255
ఐపీ >> 8 & 255
ఐపీ & 255

192, 168, 10, 77. ఈ రెండు పనులకీ రెండు చిన్న ఫంక్షన్లు రాసుకోండి. మొదటిది టెక్స్ట్ తీసుకుని సంఖ్య ఇస్తుంది, రెండోది సంఖ్య తీసుకుని టెక్స్ట్ ఇస్తుంది. మొదటిదానిలో కాపలా గట్టిగా ఉండాలి. ముక్కలు సరిగ్గా నాలుగే ఉండాలి, ప్రతి ముక్కా 0 నుంచి 255 లోపు ఉండాలి, ముందు సున్నా ఉన్న ముక్కని ఒప్పుకోకూడదు.

ముందు సున్నాతో ఏం పోయిందంటారా? ఎక్సెల్ షీట్లలో వరుస అందంగా కనిపించాలని 192.168.010.077 అని రాసేవాళ్ళు ఉంటారు. సీ భాష వారసత్వం ఉన్న చాలా లైబ్రరీలు 010ని ఆక్టల్‌గా (8 ఆధారంగా ఉండే లెక్కలో), అంటే 8గా చదువుతాయి. ఇంకొన్ని 10గా చదువుతాయి. ఒకే అడ్రస్‌ని ఫైర్‌వాల్ ఒకలాగా, సర్వర్ ఇంకోలాగా చదివితే అది భద్రతకి సంబంధించిన రంధ్రమే. పైథాన్ సొంత మాడ్యూల్‌లోనే ఈ లోపం బయటపడి, 2021లో 3.9.5 వెర్షన్ నుంచి ముందు సున్నాలని తిరస్కరించడం మొదలుపెట్టారు. మీ ఫంక్షన్ కూడా తిరస్కరించాలి. ఊహించి సరిదిద్దే పని పెట్టుకోవద్దు, షీటు పంపినవాళ్ళకే వెనక్కి పంపండి.

ఇప్పుడు కూడిక ఎంత తేలికో చూడండి. 10.0.0.250ని సంఖ్య చేసి, 10 కలిపి, వెనక్కి మారిస్తే 10.0.1.4. పక్క ముక్కలోకి ఒకటి దానంతటదే వెళ్ళింది. తీసివేత కూడా అంతే. 10.0.3.20 లోంచి 10.0.0.250 తీస్తే 538. రెండు చివర్లూ కలిపి ఎన్ని అడ్రస్‌లు అని అడిగితే ఒకటి కలపాలి, 539. డీహెచ్‌సీపీ పూల్ (పరికరాలకి రూటర్ తనంతట తానే ఇచ్చే అడ్రస్‌ల గుంపు) సైజు చెప్పేటప్పుడు ఆ ఒకటి మర్చిపోవడం మామూలే.

సార్టింగ్ కూడా ఇక్కడే తేలిపోతుంది. టెక్స్ట్‌గా సార్ట్ చేస్తే 10.0.0.10 ముందు వచ్చి 10.0.0.9 వెనక పడుతుంది. సంఖ్యల మీద సార్ట్ చేస్తే ఆ గొడవ లేదు.

2. మాస్క్, నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్

బీటీఎం లేఅవుట్‌లో ఫలానా మెయిన్, ఫలానా క్రాస్ అంటే వీధి దాకా తెలిసినట్టు, ఆ తర్వాత డోర్ నంబరు. స్లాష్ 26 అంటే ఎడమ నుంచి 26 బిట్‌లు వీధి, మిగిలిన 6 బిట్‌లు డోర్ నంబరు. 6 బిట్‌లతో 64 డోర్లు.

మాస్క్ అంటే వీధి బిట్‌లన్నీ 1, డోర్ బిట్‌లన్నీ 0 ఉన్న సంఖ్య. దాన్ని తయారు చేయడానికి పుస్తకాల్లో 32 ఒకట్లని ఎడమకి జరిపే పద్ధతి చూపిస్తారు. పైథాన్‌లో అది ఇబ్బంది పెడుతుంది. పైథాన్ సంఖ్యలకి హద్దు లేదు కాబట్టి ఎడమకి జరిపితే 32 బిట్‌ల దగ్గర ఆగదు, పెరుగుతూనే పోతుంది. దానికన్నా తీసివేతే సుళువు:

పొడవు = 26
బ్లాక్ = 2 ** (32 - పొడవు)
మాస్క్ = 2 ** 32 - బ్లాక్

బ్లాక్ 64, మాస్క్ 4294967232, చుక్కలతో 255.255.255.192. పొడవు 0 ఇచ్చినా, 32 ఇచ్చినా ఇది తప్పు చేయదు.

నెట్ = ఐపీ & మాస్క్
చివర = నెట్ + బ్లాక్ - 1

మన 192.168.10.77కి నెట్‌వర్క్ (బ్లాక్‌లో మొదటి అడ్రస్) 192.168.10.64, బ్రాడ్‌కాస్ట్ (అందరికీ ఒకేసారి పంపడానికి వాడే చివరి అడ్రస్) 192.168.10.127. మధ్యలో వాడుకోవడానికి 62.

మాస్క్‌ని తిరగేయడానికి ~ గుర్తు వాడకండి. పైథాన్‌లో ~మాస్క్ అంటే మైనస్ 4294967233 వస్తుంది, 63 రాదు. సిస్కో రూటర్ల యాక్సెస్ లిస్టుల్లో (ఎవరిని రానివ్వాలో చెప్పే పట్టికల్లో) రాసే వైల్డ్‌కార్డ్ మాస్క్, అంటే తిరగేసిన మాస్క్ కావాలంటే బ్లాక్‌లోంచి ఒకటి తీయండి చాలు. 63, అంటే 0.0.0.63.

బ్లాక్‌లోంచి 2 తీస్తే హోస్టులు అన్న సూత్రం అన్నిచోట్లా నిలవదు. రెండు రూటర్ల మధ్య లింకులో స్లాష్ 31 వాడొచ్చని 2000లోనే ప్రమాణం వచ్చింది, అక్కడ రెండు అడ్రస్‌లూ పనికొస్తాయి. స్లాష్ 32 అంటే ఒక్క అడ్రసే. వీటికి 2 తీసే సూత్రం వేస్తే 0, మైనస్ 1 వస్తాయి. క్లౌడ్‌లో లెక్క ఇంకో రకం. అమెజాన్ ఏడబ్ల్యూఎస్, మైక్రోసాఫ్ట్ అజూర్ రెండూ ప్రతి సబ్‌నెట్ (పెద్ద నెట్‌వర్క్‌లో ఒక ముక్క)లోనూ 5 అడ్రస్‌లు తమ దగ్గర ఉంచుకుంటాయి. ఏడబ్ల్యూఎస్‌లో అన్నిటికన్నా చిన్న సబ్‌నెట్ స్లాష్ 28, అందులో మీకు మిగిలేది 11. అందుకని ఆ 2ని స్క్రిప్టులో గట్టిగా రాసేయకుండా ఫంక్షన్‌కి బయటినుంచి ఇచ్చేలా పెట్టుకోండి.

3. ఈ అడ్రస్ ఆ నెట్‌వర్క్‌లోదేనా

అడ్రస్‌ని మాస్క్‌తో ఆండ్ చేసి నెట్‌వర్క్‌తో పోల్చండి:

ఐపీ & మాస్క్ == నెట్

పైథాన్‌లో ఇది సరిగ్గానే నడుస్తుంది. ఇదే లైను బాష్ (లినక్స్ టెర్మినల్ భాష)లోనో సీలోనో రాస్తే అక్కడ పోలిక ముందు జరిగి, ఆండ్ తర్వాత జరుగుతుంది, జవాబు చెత్తగా వస్తుంది. ఎడమవైపు బ్రాకెట్ పెట్టే అలవాటు చేసుకుంటే ఏ భాషలోనైనా నిశ్చింత.

రెండు నెట్‌వర్క్‌లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా అని చూడాలంటే ఒక్కోదాని మొదలు, చివర తీసుకోండి:

(మొదలు1 <= చివర2) & (మొదలు2 <= చివర1)

ఇది ఏ రేంజులకైనా పనిచేస్తుంది. సరిగ్గా మాస్క్‌తో గీసిన నెట్‌వర్క్‌లకైతే ఇంకో సంగతి ఉంది. అవి సగం సగం కలవవు. ఒకటి పూర్తిగా ఇంకోదాని లోపల ఉంటుంది, లేదా అసలు సంబంధమే ఉండదు.

ఈ పరీక్ష ఎక్కడ అక్కరకొస్తుందంటే, డాకర్ (ప్రోగ్రాములని కంటైనర్లలో విడిగా నడిపే సాఫ్ట్‌వేర్) మామూలుగా 172.17.0.0/16 ని తన బ్రిడ్జికి, అంటే తన లోపలి నెట్‌వర్క్‌కి తీసుకుంటుంది. ఆఫీసు వీపీఎన్ వెనక ఏదో సర్వర్ 172.17.40.0/24లో ఉందనుకోండి. డాకర్ ఉన్న ల్యాప్‌టాప్ నుంచి ఆ సర్వర్‌కి దారి దొరకకపోవచ్చు, పక్క సీటువాళ్ళకి మాత్రం చక్కగా పనిచేస్తుంది. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఇంటి రూటర్ 192.168.1.0/24 ఇచ్చి, ఆఫీసులోనూ అదే ఉన్నప్పుడూ ఇదే తంటా. టికెట్ మీద టికెట్ పెట్టి టెన్షన్ పడేముందు రెండు రేంజులూ ఈ ఒక్క లైనులో వేసి చూడండి.

4. ఒక పీజీకి నెట్‌వర్క్ పంచుదాం

లెక్కలు నిజంగా అర్థం కావాలంటే పంపకం చేయాలి. నెల్లూరు నుంచి వచ్చి మారతహళ్లిలో పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) నడుపుతున్న ఒకాయన మిమ్మల్ని పట్టుకున్నారనుకోండి. "అబ్బయ్యా, నువ్వు ఆ కంప్యూటర్ల పనేగా చేసేది. ఫ్లోర్‌కి ఒక వైఫై విడిగా పెట్టు, కెమెరాలు వేరే పెట్టు." మీరు కాదనలేరు, ఆయన మెస్‌లోనే రెండు పూటలా తింటున్నారు. (ఫ్లోర్లు విడదీస్తే స్పీడ్ పెరుగుతుందని మాత్రం ఆయనకి మాటివ్వకండి. అది ఆయన తీసుకున్న కనెక్షన్ సంగతి.)

మీ చేతిలో ఉన్నది 10.20.0.0/23, అంటే 512 అడ్రస్‌లు. మొదటి ఫ్లోర్ త్రీ షేరింగ్, మనిషికి ఫోనూ ల్యాప్‌టాపూ, మొత్తం 180 పరికరాలు. రెండో ఫ్లోర్ 110. మూడో ఫ్లోర్ సింగిల్ రూములు, 60. కెమెరాలు 16.

ప్రతి దానికీ 3 కలపండి. నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్, బయటికి దారి చూపే రూటర్ గేట్‌వే. ఆ మూడోదాన్ని మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. అప్పుడు అవసరాలు 183, 113, 63, 19. వీటిని పట్టే 2 ఘాతాలు (2ని 2తోనే హెచ్చిస్తూ పోతే వచ్చే సంఖ్యలు) 256, 128, 64, 32. కెమెరాలు 16 కదా, 16 బ్లాక్ సరిపోతుందనుకుంటే అక్కడే దెబ్బ తింటారు.

స్క్రిప్టులో ఈ సైజు కనుక్కోవడానికి లాగరిథమ్ జోలికి పోకండి, దశాంశాల తప్పులు దూరతాయి. పైథాన్ పూర్ణ సంఖ్యలకి బిట్_లెంగ్త్ అనే మెథడ్ ఉంది. అవసరంలోంచి ఒకటి తీసి దాన్ని పిలవండి. 19కి 18 మీద పిలిస్తే 5 వస్తుంది, 32లోంచి 5 తీస్తే స్లాష్ 27. ఒకటి ఎందుకు తీయాలంటే, అవసరం సరిగ్గా 64 అయినప్పుడు 64 మీద పిలిస్తే 7 వచ్చి అనవసరంగా 128 బ్లాక్ ఇచ్చేస్తారు. 63 మీద పిలిస్తే 6 వస్తుంది.

తర్వాత పెద్దది ముందు వచ్చేలా సార్ట్ చేసి వరుసగా పేర్చండి:

మొదటి ఫ్లోర్: 10.20.0.0/24
రెండో ఫ్లోర్: 10.20.1.0/25
మూడో ఫ్లోర్: 10.20.1.128/26
కెమెరాలు: 10.20.1.192/27

చివర 10.20.1.224/27 మిగిలింది. రేపు ఆయన కింద టిఫిన్ సెంటర్ పెడితే బిల్లింగ్ మెషీన్లకి అది ఇవ్వొచ్చు.

పెద్దది ముందు ఎందుకంటే, బ్లాక్ ఎక్కడ పడితే అక్కడ మొదలవదు, తన సైజుతో నిశ్శేషంగా భాగించబడే చోటే మొదలవ్వాలి. కెమెరాలు ముందు పెట్టారనుకోండి, అవి 0 నుంచి 31 తీసుకుంటాయి. తర్వాత మొదటి ఫ్లోర్‌కి 256 బ్లాక్ కావాలి, అది 32 దగ్గర మొదలవ్వడానికి లేదు, 256కి దూకుతుంది. అక్కడితో 512 అయిపోయింది, రెండో ఫ్లోర్ బయట నిలబడింది. మొత్తం అవసరం 480 మాత్రమే, అయినా వరుసగా పేర్చుకుంటూ పోతే చోటు లేదు. అవసరాలు మీ చేతిలో లేని వరుసలో వస్తుంటే తర్వాతి సరైన చోటుకి జరిపే లెక్క ఇది (ఖాళీ అంటే ఇప్పటిదాకా ఇచ్చిన చివరి అడ్రస్ తర్వాతిది):

మొదలు = (ఖాళీ + బ్లాక్ - 1) // బ్లాక్ * బ్లాక్

రెండు స్లాష్‌లు పెట్టండి. ఒకటే పెడితే పైథాన్ దశాంశ సంఖ్య ఇస్తుంది, దాన్ని ఆ తర్వాత బిట్ లెక్కల్లో వాడితే ఎర్రర్ వస్తుంది.

5. ఇక్కడి నుంచి అక్కడిదాకా అన్న రేంజ్‌ని స్లాష్‌లుగా విడగొట్టడం

"10.20.1.10 నుంచి 10.20.1.20 దాకా తెరవండి" అని మెయిల్ వస్తుంది. ఫైర్‌వాలేమో స్లాష్ రూపంలోనే అడుగుతుంది. చాలామంది విసుగొచ్చి మొత్తం స్లాష్ 24 తెరిచేస్తారు, ఆ తర్వాత ఆడిట్‌లో ఆ లైను పట్టుబడుతుంది. సరిగ్గా చేయడం కష్టమేమీ కాదు.

మొదలు దగ్గర నిలబడి రెండు సంగతులు చూడాలి. ఇక్కడ మొదలవగలిగే అతి పెద్ద బ్లాక్ ఎంత? మిగిలిన అడ్రస్‌లలో పట్టే అతి పెద్ద 2 ఘాతం ఎంత? రెండిటిలో చిన్నది తీసుకుని, అంత ముందుకి జరిగి, మళ్ళీ అదే అడగాలి. మొదటి ప్రశ్నకి జవాబు ఒక్క లైను:

ఐపీ & -ఐపీ

సంఖ్యలో కుడివైపు చిట్టచివరి ఒకటి ఏ స్థానంలో ఉందో, ఆ స్థానం విలువని ఇది ఇస్తుంది. 10కి 2, 12కి 4, 16కి 16.

మన రేంజ్‌లో 10 దగ్గర మొదలైతే 2 బ్లాక్, అంటే 10.20.1.10/31. ఇప్పుడు 12 దగ్గర ఉన్నాం, 4 బ్లాక్, 10.20.1.12/30. 16 దగ్గర 16 బ్లాక్ మొదలవగలదు కానీ మిగిలినవి 5 మాత్రమే, కాబట్టి 4 తీసుకుంటాం, 10.20.1.16/30. చివరికి ఒక్కటి మిగిలింది, 10.20.1.20/32. నాలుగు లైన్లు, ఒక్క అడ్రస్ కూడా ఎక్కువ తెరవలేదు. రేంజ్ 0.0.0.0 దగ్గర మొదలైతే ఆ లైను 0 ఇస్తుంది, దానికొక్కదానికి ప్రత్యేకంగా 2 ** 32 అని ఇవ్వండి, లేకపోతే లూప్ ముందుకి కదలదు.

6. ఇదంతా చేసిపెట్టే మాడ్యూల్

పైథాన్‌తోపాటే ఐపీఅడ్రస్ అనే మాడ్యూల్ వస్తుంది, 2012లో వచ్చిన 3.3 నుంచి. ఆఫీసు పనికి ఇదే వాడండి, చేత్తో రాసినవి అర్థం చేసుకోవడానికి. దాన్ని ముందే చెప్పలేదేమని అడగొచ్చు. లోపల ఏం జరుగుతుందో తెలియకుండా వాడితే అది ఇచ్చే ఎర్రర్లు అర్థం కావు.

ఐపీ_అడ్రస్ ఫంక్షన్‌కి టెక్స్ట్ ఇస్తే ఒక ఆబ్జెక్ట్ వస్తుంది. దానికి నేరుగా 10 కలపొచ్చు. 255.255.255.255కి ఒకటి కలిపితే చుట్టు తిరిగి 0.0.0.0కి రాదు, ఎర్రర్ ఇస్తుంది. అలా ఇవ్వడమే మంచిది. రెండు అడ్రస్‌ల తేడా మాత్రం నేరుగా రాదు. రెండిటినీ ఇంట్ ఫంక్షన్‌తో సంఖ్యలు చేసి తీసివేయాలి.

ఐపీ_నెట్‌వర్క్‌కి 192.168.10.77/26 ఇస్తే హోస్ట్ బిట్‌లు ఉన్నాయని తిట్టి ఆగిపోతుంది, ఎందుకంటే ఆ నెట్‌వర్క్ పేరు 192.168.10.64/26. ఫోరమ్‌లలో దొరికే చిట్కా స్ట్రిక్ట్ అనే ఆప్షన్‌ని ఫాల్స్ చేయమని. అలా చేస్తే నడుస్తుంది గానీ మనిషి టైపింగ్‌లో చేసిన తప్పు కూడా నోరుమూసుకుని లోపలికి పోతుంది. అడ్రస్, మాస్క్ రెండూ కావాలంటే ఐపీ_ఇంటర్‌ఫేస్ వాడండి, రెండిటినీ గుర్తుపెట్టుకుంటుంది.

మన మూడో మెట్టుకి ఓవర్‌ల్యాప్స్, ఐదో మెట్టుకి సమ్మరైజ్_అడ్రస్_రేంజ్ ఉన్నాయి. చిన్న నెట్‌వర్క్‌లని కలిపి పెద్దది చేయడానికి కొలాప్స్_అడ్రసెస్, పెద్దదానిని ముక్కలు చేయడానికి సబ్‌నెట్స్. నాలుగో మెట్టులోలాగా వేరువేరు సైజుల్లో పంచే పనికి మాత్రం రెడీమేడ్ ఫంక్షన్ లేదు, మనం రాసుకున్నదే దిక్కు.

7. ఐపీవీ6

ఐపీవీ6 అంటే 128 బిట్‌ల కొత్త రకం అడ్రస్. బిట్ లెక్కల పద్ధతి అదే, 32 ఉన్నచోట 128 పెట్టండి. పైథాన్ సంఖ్యలకి హద్దు లేకపోవడం ఇక్కడ వరం. జాగ్రత్త పడాల్సినవి రెండు. సంఖ్యని ఐపీ_అడ్రస్‌కి ఇస్తే, అది 2 ** 32 కన్నా చిన్నదైతే ఐపీవీ4 అనుకుంటుంది. ::1ని సంఖ్య చేసి వెనక్కి మారిస్తే 0.0.0.1 వస్తుంది. కాబట్టి సంఖ్యతోపాటు వెర్షన్ కూడా దాచుకోండి. రెండోది, స్లాష్ 64లో ఉండేవి 18446744073709551616 అడ్రస్‌లు. హోస్ట్స్ మెథడ్ ఇచ్చేవాటిని లిస్టుగా మార్చారంటే ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత వినాల్సిందే. ఎన్ని ఉన్నాయో కావాలంటే సంఖ్య అడగండి, ఫలానా అడ్రస్ కావాలంటే నెట్‌వర్క్ పక్కన చదరపు బ్రాకెట్‌లో దాని స్థానం ఇవ్వండి.

8. బాష్‌లోనే చేయాల్సి వస్తే

కొన్ని సర్వర్లలో పైథాన్ ఉండదు, పెట్టుకోనివ్వరు. బాష్‌లో $(( )) లోపల ఈ జరపడాలు, ఆండ్‌లు అన్నీ నడుస్తాయి, 64 బిట్‌ల లెక్క కాబట్టి ఐపీవీ4కి చోటు సరిపోతుంది. ఐపీవీ6కి సరిపోదు. ముందు సున్నాలతో ఇక్కడ ఇంకా జాగ్రత్త. $((010)) అంటే 8, $((08)) అంటే ఎర్రర్. ముక్క ముందు 10# పెడితే పది లెక్కలోనే చదువుతుంది.

ఏ భాషలో రాసినా, స్క్రిప్టుని ప్రొడక్షన్‌లో పెట్టేముందు అంచుల మీద నడిపి చూడండి. 0.0.0.0, 255.255.255.255, పొడవు 0, 31, 32. తర్వాత యాదృచ్ఛికంగా కొన్ని వేల అడ్రస్‌లు, మాస్క్‌లు తీసి, చేత్తో రాసిన ఫంక్షన్ జవాబునీ మాడ్యూల్ జవాబునీ పక్కపక్కన పోల్చండి. ఒక్కటి తేడా వచ్చినా ఆ అడ్రస్‌ని బిట్‌లుగా విడగొట్టి ప్రింట్ చేస్తే, ఎక్కడ ఒకటి ఎక్కువైందో అక్కడే కనిపిస్తుంది.